దుఃఖమునకు ముఖము

మగవాడు కంట నీరు పెట్టరాదను నీతి మన యిండ్లలో నేటికిని చెల్లుచున్నది. తండ్రిని కాటికి చేర్చి పొడికన్నులతో తిరిగివచ్చిన కుమారుని ధీరుడని బంధువులు కొనియాడుదురు. ఆ ధైర్యము ముసుగని వారును ఎరుగుదురు. దానిని తొడిగినది తామేయని మాత్రము ఒప్పుకొనరు.

భర్తను కోల్పోయిన స్త్రీకి విధించినది వేరొక ముసుగు. గాజులు పగులగొట్టి, బొట్టు చెరిపి, ఆమె దుఃఖము ఎట్లు కనబడవలెనో పదిమందియు నిర్ణయింతురు. ఎట్లున్నదని అడుగువారు లేరు. 2022లో సైతము మహారాష్ట్రమందలి హేర్వాడ్ గ్రామపంచాయతి ఈ ఆచారములను నిషేధించుచు తీర్మానము చేయవలసివచ్చెను.

దుఃఖించువాడే తన ముసుగును చేసికొన్నచో ఏమగును? అమెరికాలోని బెథెస్డా పట్టణమున, సైనికవైద్యశాల ప్రాంగణమందు 2010లో నెలకొన్న చికిత్సాకేంద్రములో దీనిని చూడవచ్చును. ఇరాకు, ఆఫ్‌గనిస్థాన యుద్ధములలో తలకు దెబ్బతగిలి, తోడివారిని పోగొట్టుకొని వచ్చిన సైనికులచేత మెలిస్సా వాకర్ అను కళాచికిత్సకురాలు ముసుగులు చేయించినది. ఒకడు పెదవులు కుట్టివేసెను. ఒకడు ముఖమును రెండుగా చీల్చెను. నెత్తురోడు ముఖమొకటి ఒక సైనికుని ఏండ్లతరబడి వెంటాడెననియు, దానినే ముసుగుగా చేసి అచ్చట విడిచిన పిమ్మట అతనికి ఊరట కలిగెననియు ఆమె చెప్పినది. ఈ ముసుగుల ఛాయాచిత్రములను నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 2015 ఫిబ్రవరిలో ప్రకటించెను.

మొదటి ప్రపంచయుద్ధకాలమున లండనులో డెర్వెంట్ వుడ్ అను శిల్పి, ముఖము ఛిద్రమైన సైనికులకు పలుచని రాగిరేకుతో ముసుగులు చేసి, చర్మపు రంగు పూసి యిచ్చెను. దయగల పనియే, కాని అవి లోకము బెదరకుండ గాయమును కప్పుటకు. బెథెస్డా ముసుగులు లోకమునకు కానరాని గాయమును బయటపెట్టుటకు.

ఇది పిల్లలాటయని నవ్వువారు కలరు. మాటకు నోరు పెగలనివానికి చేతులైనను ఉన్నవి గదా! ముసుగు చేసినంతనే రోగము కుదురునని మేము వాదింపము. అచ్చటను వైద్యము, సంభాషణ దీనితో కూడియే సాగును. "కాలమే మాన్పును" అను పెద్దలను మేమొకటి అడుగుచున్నాము: అంతవరకు వాడు ఎవరితో చెప్పుకొనవలెను? మీతోనా? మీరు ఏడువవద్దంటిరి గదా.

తమ్ముని పోగొట్టుకొని మూలకూర్చున్న బాలునికి ఇంత మట్టి, నాలుగు రంగులు ఇచ్చి, "ఏమి చేసితివి?" అని తొందరపెట్టక ప్రక్కన కూర్చుండుటకు ఏ శాస్త్రము అడ్డము వచ్చుచున్నది?