గుఱ్ఱము, కుక్క, దినదిన సంతోషము

"సంతోషము ఎక్కడ దొరకును?" అని ఈ యేడు తొమ్మిదవ తరగతి బాలురను మేము అడిగితిమి. పరీక్షలో మొదటివాడుగా తేరుటయందని ఒకడు చెప్పెను. పెద్ద యుద్యోగమునందని ఒకడు, మోటారు సైకిలునందని మఱియొకడు చెప్పిరి. ఆనాటి ఉదయమున తనకు సంతోషము కలిగించిన సంగతి నొక్కదానినైన ఎవ్వడును చెప్పలేదు. వారిని తప్పు పట్టుటకు మాకు నోరు రాలేదు. ముప్పదియైదేండ్లు దాటువరకు మేమును అట్లే యుంటిమి. ఫలితములు వచ్చిన పిమ్మట సంతోషింతమనుకొంటిమి, ఫలితములు వచ్చెను. ఇల్లు కట్టిన పిమ్మట సంతోషింతమనుకొంటిమి, ఇల్లును కట్టితిమి. సంతోషము మాత్రము ఎప్పటికప్పుడు మఱునాటికి వాయిదా పడుచునే యుండెను. ఈ వాయిదాల పద్ధతిని మా చేత మాన్పించినవారు పండితులు కారు. ఒక ముసలి గుఱ్ఱమును, ఒక కుంటి కుక్కయును మాన్పించినవి. వానిని గుఱించి వ్రాయుట పాఠశాల సంచికకు తగునా యని కొంత సందేహించి, తగుననియే నిశ్చయించితిమి.

2016వ సంవత్సరపు వానకాలమున, మా పట్టణములో జట్కా తోలుచుండిన వృద్ధుడొకడు మా గుమ్మము ముందు నిలిచెను. మేము బాలురమై యున్నప్పుడు రైలు స్టేషను బయట జట్కాలు బారులు తీరి యుండెడివి. ఆటోలు వచ్చిన కొలది అవి తగ్గి, తుదకు ఆతని బండి యొక్కటియే మిగిలెను. ఆతని కొడుకును ఆటో కొనెను. బండిని కట్టెల క్రింద అమ్మివేసిరి గాని, గుఱ్ఱము నమ్ముటకు ఆ వృద్ధునికి మనసొప్పలేదు. "మాష్టారుగారూ, దీనిని కొరడాతో కొట్టేవాడి చేతికి ఇవ్వలేనండి. మీ పెరట్లో గడ్డి ఉంది. ఇక మీ దయ" అని పగ్గము మా చేతికిచ్చి, వెనుదిరిగి చూడక పోయెను. మేము మోటారు సైకిలు కొఱకు కూడబెట్టిన సొమ్ములో కొంత, ఆతడు వలదన్నను, మఱునాడు ఆతని యింటికి పోయి యిచ్చి వచ్చితిమి. తక్కినది రేకుల పాకకును దాణాకును సరిపోయెను. ఆ యాడుగుఱ్ఱమునకు నొసట తెల్లని చుక్క యుండుటచే దాని పేరు చుక్క.

మొదటి నెల మాకు సంతోషము కాదు గదా, అలసటయే మిగిలెను. ఉదయము అయిదు గంటలకు లేవవలయును. రాత్రి నానబెట్టిన ఉలవలను ఉడికించి చల్లార్చవలయును. గొరపముతో ఒడలు రుద్ది, జూలు చిక్కుదీసి, నాలుగు డెక్కల నెత్తి వాని యడుగున ఇఱుకుకొనిన రాళ్లను మట్టిని తీయవలయును. దినమునకు 20 లీటర్లకు తక్కువ కాకుండ నీరు తోడి పెట్టవలయును. గుఱ్ఱపు దేహము పెద్దదేగాని కడుపు చిన్నది. అందుచేత దానికి మేత కొంచెము కొంచెముగా పలుమారులు పెట్టవలయును. అది వాంతి చేసికొనలేదు. తినరానిది తినినను, ఒక్కసారిగా మితిమీరి తినినను కడుపునొప్పి పుట్టి ప్రాణము మీదికి వచ్చును. దయతో ఒకేసారి తొట్టి నింపుట దానికి దయ కాదు. ఈ సంగతి తెలిసినప్పుడు, ఏడాది పాఠమంతయు పరీక్షకు ముందు పదిదినములలో మ్రింగజూచు మన విద్యార్థులు మాకు జ్ఞప్తికి వచ్చిరి.

పదుమూడవ శతాబ్దమున మన దక్షిణదేశమునకు వచ్చిన మార్కోపోలో యను వెనీసు బాటసారి ఒక వింత వ్రాసి పెట్టెను. మాబారు దేశపు రాజులు ఏటేట విస్తారమైన ధనము పోసి, హోర్ముజు, ఏడెను మొదలగు రేవులనుండి గుఱ్ఱములను ఓడలలో తెప్పించుకొనుచుండిరట. ఏడాది తిరుగునప్పటికి వానిలో చాలభాగము చచ్చుచుండెనట. వానిని సాకుట యెట్లో తెలిసినవారు అక్కడ లేకపోవుటయే దీనికి కారణమని ఆతడు వ్రాసెను. బంగారము పోసి గుఱ్ఱమును కొనవచ్చును గాని, ఉదయము అయిదు గంటలకు లేచుటను కొనరాదు. సంతోషమును ఇట్టిదేయని మా యభిప్రాయము. పెద్ద వెల పెట్టి తెచ్చుకొనిన సంతోషము, దినదినము పోషించువాడు లేనిచో, ఏడాదిలోనే చచ్చును.

రెండవ నెల గడచుచుండగా, అలసటలోనుండి ఒక్కొక్కటిగా చిన్న సంగతులు బయటపడజొచ్చెను. ఉడికిన ఉలవల వాసనకు చుక్క ముకుపుటములు విప్పుట. మా చెప్పుల చప్పుడును గుర్తుపట్టి, మేము కనబడక మునుపే సన్నగా సకిలించుట. చలి ఉదయమున దాని మెడ క్రింద చేయి పెట్టినప్పుడు తెలియు వెచ్చదనము. దాని లద్దె యెరువుతో మన పాఠశాల తోటలో గుమ్మడిపాదు పందిరి దాటి ప్రాకుట. వీనిలో ఏదియు పత్రికలో ప్రకటింపదగిన సంగతి కాదు. కాని ఇట్టివి నాలుగు కలిగిన దినము మాకు వ్యర్థమైన దినముగా తోచుట మానెను.

ఆ యేటి చలికాలమున మోతి వచ్చెను. ఎవరి రాయియో తగిలి వెనుకకాలు విఱిగిన యొక కుక్కపిల్ల గుఱ్ఱపు పాకలో గడ్డి మీద పండుకొని యుండెను. తెలుగు సామెతలు కుక్కకు మంచి పేరు పెట్టలేదు. దాని తోక వంకర యందుము. ఆ తోక పట్టుకొని గోదావరి ఈదరాదందుము. అయినను, తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు నిలిచిపోయిన భారతకథను పల్లెలో చదువు రానివారును ఎఱుగుదురు. కుక్కను తిట్టుటయు మనకు తెలియును, దాని విశ్వాసమునకు తలవంచుటయు మనకు తెలియును. రాయి చేతికి దొరకినప్పుడు మాత్రము మొదటిదే జ్ఞప్తికి వచ్చును.

గుఱ్ఱము నిలుచుండియే కునుకు తీయగలదని అందఱు విని యుందురు. కండరములకు శ్రమ లేకయే కీళ్లు బిగిసి నిలుచునట్లు దాని కాళ్లు నిర్మింపబడి యున్నవి. కాని గాఢనిద్రకు అది నేలమీద పండుకొనవలసినదే. భయము లేదని నమ్మకము కుదిరినగాని పండుకొనదు. మందలో ఒకటి పండుకొన్నప్పుడు మఱియొకటి నిలిచి కాచుచుండును. చుక్క మా యింటికి వచ్చిన తరువాత మూడు నెలలవరకు అది పండుకొనగా మేము చూడలేదు. మోతి వచ్చిన కొన్ని వారములకు, ఒకనాడు తెల్లవారుజామున మేము లాంతరుతో పాకలోనికి పోగా, చుక్క కాళ్లు చాచి నేలమీద నిద్రించుచుండెను. దాని మెడ ప్రక్కను మోతి కూర్చుండి యుండెను. మమ్ము చూచి మొఱుగలేదు. తోకతో గడ్డిని రెండుమారులు తట్టి ఊరకుండెను. మేము లాంతరు తగ్గించి, వచ్చిన అడుగులలోనే వెనుకకు పోయి, ఆ ఉదయము దాణా ఆలస్యముగా పెట్టితిమి. మా జీవితములో మాకు లభించిన బహుమానములు కొన్ని కలవు. వానిలో దేనిని అందుకొన్నప్పుడును ఆనాటి సంతోషము కలుగలేదు.

శిక్షణ కళాశాలలో మేము చదివిన యొక కథ యొక్క అర్థము ఈ గుఱ్ఱము వలననే మాకు తెలిసెను. బెర్లిను నగరమున విల్హెల్ము ఫాన్ ఆస్టెన్ అను లెక్కల ఉపాధ్యాయుడు తన గుఱ్ఱమైన హాన్సునకు గణితము నేర్పితినని నమ్మెను. ప్రశ్న యడిగిన, అది డెక్కతో నేలను తట్టి సమాధానము చెప్పెడిది. 1904లో పెద్దలు పరీక్షించి ఇందు మోసము లేదనిరి. 1907లో ఆస్కారు ఫుంగ్‌స్టు అను మనస్తత్త్వ పరిశోధకుడు అసలు సంగతి కనిపెట్టెను. అడుగువానికి సమాధానము తెలియనిచో హాన్సునకును తెలియదు. సరియైన సంఖ్య రాగానే అడుగువాని తలయందును ముఖమునందును, వానికే తెలియక, కలుగు సూక్ష్మమైన కదలికను చూచి అది తట్టుట ఆపుచుండెను. ఆ గుఱ్ఱమునకు లెక్కలు రావు; మనుష్యుని చదువుట వచ్చును. మేము ఆఱవ తరగతిపై కోపముతో ఇంటికి వచ్చిన సాయంకాలములలో చుక్క చెవులు వెనుకకు వంచి ప్రక్కకు తొలగును. అప్పుడు పాక వాకిట నిలిచి, ఊపిరి నిదానించుకొని, పిమ్మట లోనికి పోవుదుము. ఈ యభ్యాసము క్రమముగా తరగతి గది వాకిలికిని వచ్చినది. దీని లాభము మాకంటె ఆఱవ తరగతివారికే బాగుగా తెలియును.

గత వేసవిలో చుక్క కుడికన్ను మసకబాఱెను. చూపు తిరిగి రాదని పశువైద్యులు చెప్పిరి. మా మేలుకోరు పెద్దమనిషి యొకరు వచ్చి, "మాష్టారూ, గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదు. ఈ దాణా డబ్బుతో ఒక బీదపిల్లవానికి పుస్తకములు కొనియ్యవచ్చును గదా" అనిరి. మొదటి మాటకు నవ్వితిమి. రెండవ మాటకు నవ్వలేకపోతిమి. రెండు రాత్రులు జమాఖర్చుల పుస్తకము ముందిడుకొని కూర్చుంటిమి. గుఱ్ఱము రాక పూర్వపు పద్దులు తిరుగవేసి చూడగా, ఆ సొమ్ము అప్పుడును బీదపిల్లవానికి పోలేదు. కాఫీ హోటలునకును, పనిలేని ప్రయాణములకును పోయెను. చుక్కను పంపివేసిన యెడల ఆ సొమ్ము మరల ఆ దారినే పోవునని మా మనస్సాక్షి చెప్పెను. సొమ్మునకు మితి కలదు; అది ఒకచోట పెట్టిన మఱియొకచోట తఱుగును. దయ అట్టిది కాదు. అది బావిలోని ఊట వంటిది, తోడినకొలది ఊఱును. ఆ రాత్రియే పుస్తకములో బీదపిల్లవాని పేర క్రొత్త పద్దు వ్రాసి, కాఫీ హోటలు పద్దును కొట్టివేసితిమి. చుక్క పద్దు అట్లే యున్నది. ఆ పెద్దమనిషి అడుగకపోయిన యెడల ఆ క్రొత్త పద్దు వ్రాసి యుండము. కావున వారికి మా కృతజ్ఞత.

గుఱ్ఱపు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది తన చుట్టు నున్నది దాదాపు అంతయు చూడగలదు; సరిగా వెనుకనున్నది మాత్రము కానరాదు. ఒక కన్ను పోయిన గుఱ్ఱమునకు ఆ ప్రక్క అంతయు చీకటియే. సెలవుదినములలో మా పెరటికి వచ్చు బాలురకు మేము ఒక్క నియమము పెట్టితిమి: కుడిప్రక్కనుండి వచ్చువాడు ముందుగా దాని పేరు పిలిచి, మెల్లగా మూపు మీద చేయి వేసి, పిమ్మట దగ్గఱకు రావలయును. వరండాలో పరుగులకు పేరుమోసిన యొక బాలుడు ఇప్పుడు పది గజముల దూరమునుండియే "చుక్కా, నేనే, వస్తున్నాను" అని చెప్పుచు నడచి వచ్చును. ఆ పిల్లవానిని నడిపించుటకు మేము మూడేండ్లు బెత్తమును ఉపదేశమును వృథాగా వాడితిమి.

తల్లిదండ్రులకు ఒక మనవి. అందఱును గుఱ్ఱమును పెంచవలయునని మేము చెప్పము. ఆడంబరమునకు జంతువును కొని, ఆఱు నెలలలో వీధిలో విడుచుటకంటె కొనకుండుటయే మేలు. మీ పిల్లవాని చేతికి ప్రాణమున్న దొకదానిని అప్పగింపుడు: దూడ కావచ్చును, కోడి కావచ్చును, వీధికుక్క కొఱకు వేసవిలో గుమ్మము వద్ద పెట్టు నీటి మూకుడైనను చాలును. దినమును తప్పక, వాడే చేయవలయును. తప్పినప్పుడు మీరు చేయకుడు. ఖాళీ మూకుడును వానికే చూపుడు.

విద్యార్థులారా, ప్రేమకు తెలివి తోడుగా నుండవలయును. తినుచున్న కుక్కను, పిల్లలతోనున్న కుక్కను తాకకుడు. కఱచిన యెడల ఇంట దాచకుడు. వెంటనే గాయమును సబ్బుతో ధారనీటి క్రింద 15 నిమిషములు కడిగి, ఆలస్యము లేక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనుడు. లూయీ పాశ్చరు 1885లో ఈ టీకాను మనుష్యునికి ప్రయోగించి మార్గము చూపెను. 1907లో మన దక్షిణమున కూనూరులో పాశ్చరు సంస్థ వెలసెను. ఇంత సాధనము ఉండగా పసరుమందులను నమ్మి ప్రాణము పోగొట్టుకొనుట తగదు. రాయి విసరుటయు రక్షణ కాదు. రాయి దెబ్బ తిన్న కుక్కయే మఱునాడు భయముచే కఱచును.

చుక్కకు ఇప్పుడు ఇరువదియేండ్లు దాటినవని దాని పండ్లు చూచి వైద్యులు చెప్పిరి. ఇంక ఎన్ని ఉదయములు మిగిలినవో లెక్కింప మాకు ఇష్టము లేదు. ఉన్నన్ని ఉదయములును ఉలవలు నానవలయును. ఈ వ్యాసము ముగించు సరికి రాత్రి తొమ్మిది గంటలైనది. మోతి వచ్చి తలుపును ముంగాలితో గీఱుచున్నది; తొట్టిలో నీరు తక్కువైనదని దాని భావము. చెప్పదలచినది ఇంకను కొంత కలదు గాని, బిందె తీసికొని లేవవలసి యున్నది.