మాత్ర మానిన మూడవ నాడు

సూరత్‌కు దగ్గరలో ముంబయి జాతీయ రహదారి మీద పల్సానా ఉన్నది. ఊరి చుట్టూ రంగుల మిల్లులు, నేత షెడ్లు. తెల్లవారుజామున గాలి తిరిగితే ఉడికిన రంగుల వాసన వంటింటిదాకా వస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లోనూ, ఈ చుట్టుపట్లనూ మగ్గాల మీద బ్రతుకుతున్నవి. సూరత్ నగరపాలక సంస్థ వారి పిల్లల కోసం తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతున్నది. నేను చదివినది ఆంగ్ల సాహిత్యం, చేసేది అనువాదం. అయితే ఇక్కడి మనవారికి నా చదువు అక్కరకు వచ్చేది మందుల చీటీలు, బ్యాంకు కాగితాలు చదివి పెట్టడానికే. నాకు దానిలో చిన్నతనమేమీ లేదు.

ఒక ఆదివారం ఉదయం అటువంటి చీటీ పట్టుకొని మగ్గం పనివాడొకడు మా గుమ్మంలో నిలబడ్డాడు. వయసు ముప్పై అయిదు దాటదు. చీటీ ఇవ్వకముందే గోడకు చేయి ఆనించాడు.

"సారూ, మల్ల మొదలైంది. ఈసారి ఇంకింత పాడుగొచ్చింది. తల ఇట్ల తిప్పితే చాలు, లోపల కరెంటు కొట్టినట్టయితుంది."

కూర్చోబెట్టి అడిగితే సంగతి మెల్లగా బయటికి వచ్చింది. తండ్రి పోయిన తరువాత కొన్ని నెలలపాటు అతనికి నిద్ర లేదు, ఆకలి లేదు, పని మీద మనసు లేదు. ఎవరో డాక్టరు ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర, పది మిల్లీగ్రాములది, రోజుకొకటి వేసుకొమ్మన్నాడు. నెలన్నరలో మనిషి తేరుకున్నాడు. తరువాత డాక్టరు దగ్గరికి మళ్ళీ పోలేదు. పాత చీటీ చూపి దుకాణంలో కొనుక్కుంటూ పది నెలలు వాడాడు. ఇంతలో అక్క కూతురి పెండ్లి వచ్చింది. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్‌కు పోతూ మాత్రల అట్టను ఇంట్లోనే వదిలిపెట్టాడు. మరచిపోయి కాదు. పెండ్లివారి ఇంట్లో ఎవరి కంటనైనా పడితే 'పిచ్చి మందు' అంటారని.

మొదటి రెండు రోజులు ఏమీ కాలేదు. మూడవ నాడు పందిట్లో కండ్లు తిరిగాయి. కడుపులో వికారం, వొళ్ళంతా జ్వరం ముందరి నొప్పులు, రాత్రివేళ భయంకరమైన కలలు, కారణం లేని ఏడుపు, కారణం లేని కోపం. బంధువులలో ఒక పెద్దమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. తిరిగివచ్చి మగ్గం దగ్గర నిలబడినప్పుడు తల విదిలించినట్లయి చేయి పట్టు తప్పింది. పక్కవాడు మోటారు ఆపకపోయినట్లయితే వేళ్ళు పోయేవి. అప్పటికి మందు మాని పన్నెండు రోజులు.

అతను రెండు నిర్ణయాలు మనసులో పెట్టుకొని వచ్చాడు. పాత రోగమే ఇంకా ముదిరి వచ్చింది, కనుక ఇక బాగుపడేది లేదనేది ఒకటి. ఆ మాత్ర సారాయి వంటిది, చచ్చినా మళ్ళీ ముట్టకూడదనేది రెండవది. రెండూ తప్పే. కాని ఆ రెండు తప్పులకూ మన భాష కొంత కారణమని నాకు అనిపించింది.

మందు మానినప్పుడు కలిగే ఇటువంటి బాధలకు పాఠ్యపుస్తకాల తెలుగులో 'ఉపసంహరణ లక్షణాలు' అని పేరు. సైన్యాలను ఉపసంహరిస్తారు, నామినేషన్లను ఉపసంహరిస్తారు. గోడకు చేయి ఆనించి నిలబడిన మనిషికి ఆ మాట ఏమి చెబుతుంది? ఆంగ్లంలోనూ ఈ పేరు గురించి తగవు ఉన్నది. సారాయికి, నల్లమందుకు వాడే పాత మాటను ఈ మందులకు వాడరాదని, 'నిలుపుదల లక్షణాలు' అనే అర్థం వచ్చే మెత్తని మాటను 1990ల చివర ప్రచారంలోకి తెచ్చారు. ఆ మాటను స్థిరపరచిన నిపుణుల సమావేశానికి ఖర్చు పెట్టుకున్నది ఒక మందుల కంపెనీయేనన్నది అనువాదకులు గుర్తుంచుకోదగిన విషయం. అయితే ఉపసంహారమనే మాటకు మనలో మరొక స్మృతి ఉన్నది. భారతంలో అశ్వత్థామకు అస్త్రం ప్రయోగించడం తెలుసు, మరలించడం తెలియదు. అర్జునుడికి రెండూ తెలుసు. ఈ మందుల విషయంలో వైద్యలోకం చాలాకాలం అశ్వత్థామ పక్షానే ఉండిపోయింది.

కాలక్రమం చూస్తే అది అర్థమవుతుంది. కుంగుబాటుకు పనిచేసే మందులలో మొదటివరుసలోని ఇమిప్రమీన్ గుణాన్ని స్విట్జర్లాండ్ వైద్యుడు రోలాండ్ కూన్ 1957లో ప్రకటించాడు. దానిని తయారుచేసిన బాసెల్ నగరపు గైగీ కంపెనీ రంగుల వ్యాపారంలో పెరిగినది. అంతకుముందు వచ్చిన క్లోర్‌ప్రోమజీన్ మూలకేంద్రం కూడా మిథిలీన్ బ్లూ అనే అద్దకపు రంగుకు దగ్గరి చుట్టం. రంగుల మిల్లుల నడుమ కూర్చొని ఈ సంగతి చదివినప్పుడు నాకు కొంచెం నవ్వు వచ్చింది. ఇమిప్రమీన్ మానినవారిలో బాధలు కలుగుతున్నాయని వైద్య పత్రికలలో 1959లోనే వచ్చింది. అంటే ప్రయోగం తెలిసిన రెండేళ్ళకే చిక్కు కూడా తెలిసింది. 1987 చివర అమెరికాలో ఫ్లూయోక్సెటిన్‌కు అనుమతి లభించి, దాని జాతి మందులు లోకమంతా వ్యాపించిన తరువాత కూడా, ఈ బాధలు స్వల్పమనీ, వారం రోజులలో సర్దుకుంటాయనీ అధికారిక సూచనలు చెబుతూ వచ్చినవి. కొందరిలో అవి తీవ్రంగా, దీర్ఘకాలం ఉండవచ్చునని బ్రిటన్‌లో ఆ సూచనలను సవరించినది 2019లో.

మరునాడు అతనితోపాటు నేనూ సూరత్‌లో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. ఆమె గుజరాతీలో అడగడం, నేను తెలుగు చేయడం. ఆమె మొదటి ప్రశ్న బాధ గురించి కాదు, తేదీల గురించి. మందు ఏనాడు మానారు? ఇది ఏనాడు మొదలయింది? మూడవ నాడు అని చెప్పగానే ఆమె కలం కింద పెట్టింది. పాత జబ్బు తిరగబెట్టేటప్పుడు సాధారణంగా వారాలు, నెలలు తీసుకుంటుంది, మెల్లగా కమ్ముకొస్తుంది. మందు మానిన బాధ కొద్ది రోజులలోనే పైబడుతుంది. పైగా తలలో కరెంటు కొట్టడం, నిలబడితే తూలిపోవడం కుంగుబాటు లక్షణాలు కావు. ఇవి మొదట జబ్బు చేసినప్పుడు ఉన్నవా? లేవు. నిద్ర పోవడం, ఏడుపు రావడం రెండింటిలోనూ ఉంటాయి కనుక వాటిని పట్టుకొని తీర్పు చెప్పరాదు. మూడవ ఆనవాలు ఒకటి ఉన్నది, అది రెండు మూడు రోజులలో తెలుస్తుంది అని, పాత మోతాదునే మళ్ళీ మొదలుపెట్టమన్నది.

అతను వేసుకోనన్నాడు. "మందుకు బానిసనైతనా సారూ, అడుగుండ్రి" అన్నాడు. నేను అడిగాను. ఆమె జవాబును ఆ రోజు నేను సరిగా అనువదించానో లేదోనని ఇప్పటికీ అనుమానమే. తాగుడు మరిగినవాడు ఇంకా ఇంకా కావాలంటాడు, దానికోసం ఇల్లు అమ్ముతాడు. నీవు ఈ మాత్రను ఒకటికి రెండు వేసుకోవాలని ఎన్నడైనా కోరావా? కోరలేదు. అది వ్యసనం కాదు. శరీరం ఒక వస్తువుకు అలవాటుపడి, దానికి తగినట్లు తన లెక్కలు మార్చుకున్నది. అది అకస్మాత్తుగా పోతే లెక్క తప్పుతుంది. అతను కొంతసేపు ఆలోచించి, "పడుగు బిగువు ఒక్కపాలి వదిలితే పోగులన్ని చిక్కుపడ్డట్టు" అన్నాడు. ఈ మాటను గుజరాతీలోకి తేవడం నా వల్ల కాలేదు. ఆమెకు చేతులతో చూపించవలసి వచ్చింది.

మూడవ నాటికి కరెంటు దెబ్బలు ఆగిపోయినవి. మూడవ ఆనవాలు అదే. కుంగుబాటు తిరగబెట్టి ఉంటే మందు పనిచేయడానికి వారాలు పట్టేది.

ఎందరికి ఇలా అవుతుంది? 2024లో జర్మనీ పరిశోధకులు 79 అధ్యయనాలను, ఇరవై ఒక్క వేల మంది రోగుల వివరాలను కలిపి చూశారు. మందు మానినవారిలో ఏదో ఒక లక్షణం కనిపించినవారు నూటికి సుమారు 31 మంది. మందు కాని ఉత్త బిళ్ళలు మానినవారిలోనూ 17 మంది బాధలు చెప్పారు. అంటే మనసులోని భయం కూడా కొంత పని చేస్తుంది. మందే కారణమనదగినవారు ఆరేడుగురిలో ఒకరు. తీవ్రంగా బాధపడినవారు ముప్పై అయిదుగురిలో ఒకరు. ఈ అధ్యయనాలలో చాలా వాటిలో రోగులు మందు వాడినది కొద్ది నెలలే, ఏళ్ళ తరబడి వాడినవారి గతి వేరుగా ఉండవచ్చుననే విమర్శ ఉన్నది. అది న్యాయమైన విమర్శే. మందును బట్టి కూడా తేడా ఉంటుంది. వెన్లాఫాక్సిన్, పారోక్సెటిన్ వంటివి శరీరం నుంచి త్వరగా పోతాయి, అందుచేత వాటిని మానడం కష్టం. ఫ్లూయోక్సెటిన్ వారాల తరబడి మెల్లగా పోతుంది కనుక చాలామందికి అంత తెలియదు.

ఇక మానడం ఎలాగన్నదానిలో అందరూ పొరపడే చోటు ఒకటి ఉన్నది. పది నుంచి అయిదుకు దిగిన మనిషి, సగం దూరం వచ్చాననుకుంటాడు. రాలేదు. లండన్ పరిశోధకులు మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ 2019లో దీనిని విశదపరచారు. మెదడులో సెరటోనిన్‌ను తిరిగి లోపలికి పీల్చే ద్వారాలను ఈ మందులు మూస్తాయి. ఎస్సిటాలోప్రామ్‌కు తోబుట్టువైన సిటాలోప్రామ్ 20 మిల్లీగ్రాములు వేసుకుంటే వాటిలో సుమారు 80 శాతం మూతపడతాయి. మోతాదును మూడింతలు చేసి 60కి పెంచినా అది 88 శాతమే అవుతుంది. అటు 5 మిల్లీగ్రాములకు తగ్గించినా ఇంకా 60 శాతానికి దగ్గరగా మూసే ఉంటాయి. కనుక 60 నుంచి 20కి దిగడం ఒక చిన్న మెట్టు, 5 నుంచి సున్నాకు దూకడం మేడ మీద నుంచి దూకడం. చివరికి వచ్చేకొద్దీ మెట్లు చిన్నవి కావాలి, ప్రతి మెట్టు మీదా నిలబడే కాలం ఉండాలి. మన దేశంలో దుకాణాలలో సులభంగా దొరికే బిళ్ళలు అంత చిన్నవి కావు. గీత ఉన్న బిళ్ళను విరుచుకోవచ్చు, ద్రవరూపం దొరికితే కొలుచుకోవచ్చు. మెల్లగా విడుదలయ్యే గుళికలను మాత్రం విప్పడానికి, నలపడానికి వీలు లేదు. రోజు విడిచి రోజు వేసుకుంటే సరిపోతుందని చాలామంది సొంతంగా చేస్తారు. త్వరగా పోయే మందుకు అది రోజూ ఎక్కడం, రోజూ పడడం. ఏ మందును ఎంత, ఎన్నాళ్ళలో తగ్గించాలో డాక్టరు మనిషిని చూసి చెప్పవలసినదే గాని, పత్రికలో చదివి చేసుకోదగినది కాదు.

అసలు మానాలా అన్న ప్రశ్న కూడా ఉన్నది, దానిని దాటవేయరాదు. ఇంగ్లండులో దీర్ఘకాలం మందు వాడి, బాగుండి, మానదలచిన 478 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చినవి. ఏడాదిలోపల జబ్బు తిరగబెట్టినది మందు మానినవారిలో నూటికి 56 మందికి, కొనసాగించినవారిలో 39 మందికి. మానినా తిరగబెట్టనివారు చాలామంది ఉన్నారనవచ్చు, మానితే ముప్పు పెరుగుతుందనీ అనవచ్చు. రెండూ నిజమే. ఇంతకుముందు ఎన్నిసార్లు జబ్బు చేసింది, ఆత్మహత్య తలపులు వచ్చినవా, ఇంట్లో ఇప్పుడు పరిస్థితి ఎలా ఉన్నది అన్నవి చూసి తేల్చవలసిన లెక్క అది. మానుతున్న రోజులలో చావు తలపులు వస్తే మాత్రం తరువాత చూద్దామనరాదు, ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. 2022 అక్టోబరులో మొదలయిన టెలి-మానస్ ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు డబ్బు లేకుండా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

మా మనిషికి ఇది మొదటిసారి జబ్బు, తండ్రి మరణంతో వచ్చినది. మరి రెండు నెలలు పూర్తి మోతాదులో ఉంచి, తరువాత తగ్గించడం మొదలుపెట్టారు. పది నుంచి ఏడున్నర, అయిదు తేలికగా జరిగినవి. రెండున్నర దగ్గర మళ్ళీ ఒక వారం తల తూలింది. ఈసారి అతను బెదరలేదు. పేరు తెలిసిన బాధకూ, తెలియనిదానికీ ఎంత భేదమో నేను అప్పుడు చూశాను. వైద్యురాలు ఒక మెట్టు వెనక్కు పొమ్మంటే వెనక్కుపోయి నెల ఆగి మళ్ళీ దిగాడు. ఆ వారం మగ్గం దగ్గర నిలబడకుండా బట్ట మడతపెట్టే పని ఇమ్మని నేను షెడ్డు యజమానిని అడిగాను. తలనొప్పి అని చెప్పాను. నిజం చెప్పలేదు. చెప్పి ఉండవలసిందా అన్నది నాకు ఇంకా తేలలేదు.

అతని భార్య చదువుకున్నది అయిదవ తరగతి వరకు. గోడకున్న క్యాలెండరులో ప్రతి తేదీ కింద ఆమె నిండు సున్న, అర సున్న, పావు సున్న గీస్తుంది. తల తిరిగిన రోజున పక్కన ఒక చుక్క పెడుతుంది. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ కాగితం చింపి మడిచి తీసుకుపోతారు. కిందటి నెల కాగితం నేను చూశాను. పావు సున్నలు ముప్పై ఒకటి, చుక్కలు రెండు. "ఈ రెండు చుక్కల నాడు నిద్ర లేదు సారూ, డబుల్ డ్యూటీ చేసిండు" అన్నది ఆమె, మందుకు సంబంధం లేదన్నట్లు. అతను మాట్లాడకుండా ఆ రెండు తేదీలనూ మరొకసారి చూసుకున్నాడు.