వాటర్ ప్రూఫ్ కవరా? మిర్చి రైతునడిగి కొనండి

ముందే చెప్పేస్తున్నా, స్పోర్ట్స్ కారున్న మిత్రులకి ఈ టపా నచ్చకపోవచ్చు. విషయం ఒక్కటే. "100% వాటర్ ప్రూఫ్" అని రాసున్న కారు కవర్ మన ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు కారుని కాపాడదు, పాడుచేస్తుంది. మనం డబ్బులిచ్చి మరీ పాడుచేయించుకుంటున్నాం.

కారు కొనే ముందు మనవాళ్ళు చేసే పరిశోధన చూస్తే ముచ్చటేస్తుంది. టార్క్ ఎంత, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు, ఏ టైరు, ఏ గేర్ బాక్స్... ఆరునెలలు ఎక్సెల్ షీట్లు. తీరా కారొచ్చాక, దాన్ని ఊళ్ళో ఇంటి ముందు వదిలి ఆన్ సైట్ కి వెళ్ళేముందు, రాత్రి పదకొండింటికి ఫోన్ తీసి 'వాటర్ ప్రూఫ్' అన్న మాట కనబడగానే నొక్కేస్తారు. అరవై లక్షల బండికి పదిహేను వందల ప్లాస్టిక్ బట్ట. పనైపోయిందని నిద్ర.

అసలు వాన వల్ల కారుకొచ్చిన నష్టమేంటండీ? ఫ్యాక్టరీలో కారు బాడీని మొత్తంగా ప్రైమర్ తొట్టిలో ముంచి తీస్తారు. దానిమీద రంగు, రంగు మీద క్లియర్ కోటు. దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారే, బాగున్న పెయింటుకి వాన సరిగ్గా అంతే. మన వైపు కారుకి అసలు శత్రువులు వేరే ఉన్నారు: వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ, దుమ్ము, పిట్టల రెట్టలు, చెట్ల జిగురు, కోతులు. వీటన్నిటినీ వదిలేసి, ఏ హానీ చెయ్యని వానని చూసి కవర్ కొంటున్నాం.

పోనీ వాటర్ ప్రూఫ్ అయితే తప్పేంటి, అదనపు రక్షణే కదా అంటారా? ఖమ్మం మిర్చి యార్డుకి సరుకు తెచ్చే ఏ రైతునైనా అడగండి. కళ్ళంలో ఆరబోసిన మిర్చి మీద సాయంత్రం పట్టా కప్పుతాడు, మంచు పడకుండా. ఎండెక్కగానే తీసేస్తాడు. తీయకుండా రెండు రోజులు వదిలేస్తే లోపల ఆవిరి పట్టి, కాయ రంగు మారి, బూజొస్తుంది. పట్టా పైనుంచి నీళ్ళు రానివ్వదు, నిజమే. లోపలి చెమ్మని బయటికి పోనివ్వదు కూడా. ఇది ఆయనకి తెలుసు, ఇంజనీరింగ్ చదివిన మనకి మాత్రం తెలియదు!

కారుకింద జరిగేదీ ఇదే. జూన్ లో వానలు మొదలయ్యాక నేల తడిగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండకి ఆ తడి ఆవిరై పైకి లేస్తుంది, ప్లాస్టిక్ తగిలి ఆగిపోతుంది. రాత్రి చల్లబడగానే నీటి బొట్లై పెయింటు మీద కూర్చుంటుంది. మళ్ళీ పొద్దున ఎండ, మళ్ళీ ఆవిరి. స్పోర్ట్స్ కారుకి ఈ బాధ ఇంకా ఎక్కువ. నేలకి అంత దగ్గరగా ఉండేది, పైగా కవర్ అంచు నేలని తాకుతూ ఉంటుంది, గాలాడే సందే ఉండదు. నాలుగు నెలల తర్వాత తీసి చూస్తే బానెట్ మీద తెల్లటి మచ్చలు, బ్రేకు డిస్కుల మీద ఎర్రటి తుప్పు, లెదర్ సీట్ల మీద బూజు. ఎర్రర్ వస్తే పట్టుకుని, కనీసం లాగ్ కూడా రాయకుండా మింగేసే కాచ్ బ్లాక్ ఎవడైనా రాస్తే కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తాం కదా? ఈ ప్లాస్టిక్ కవర్ అచ్చంగా ఆ కాచ్ బ్లాకే. సమస్య ఉంటుంది, కనబడదు అంతే.

ఇక రెండో సంగతి దుమ్ము. కొత్తగూడెంలో సింగరేణి, పాల్వంచలో కేటీపీఎస్, సత్తుపల్లిలో ఓపెన్ కాస్టులు, రోడ్డు మీద బొగ్గు లారీలు. బొగ్గు మెత్తటిదే, దాంతో వచ్చే రాతిపొడి, ఇసుక మెత్తవి కావు. థర్మల్ స్టేషన్ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. ఖమ్మం చుట్టుపక్కల గ్రానైట్ యూనిట్ల దగ్గర ఎగిరే పొడి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ యూనిట్లలో రాయిని నునుపు చేసేది ఎలా? గరుకు పొడి, ఒత్తిడి, కదలిక. ఈ మూడూ ఉంటే రాయే అరుగుతుంది. కారు మీది క్లియర్ కోటు మందం మామూలుగా 40-50 మైక్రాన్లు, మన తల వెంట్రుక కంటే సన్నం. దుమ్ము పట్టిన కారుమీద కవర్ కప్పి, అది గాలికి రెపరెపలాడుతుంటే, మీరు ఇంటిముందు ఒక చిన్న గ్రానైట్ యూనిట్ పెట్టినట్టే. నల్ల కారైతే ఎండలో సాలెగూడు గీతలు లెక్కపెట్టుకోవచ్చు. మ్యాట్ రంగైతే ఇంకా ఘోరం, దాన్ని పాలిష్ చేసి సరిదిద్దడం కూడా కుదరదు.

"మా డాలస్ ఫ్రెండ్ ఈ కవరే వాడుతున్నాడు, సూపర్ అన్నాడు" అనేవాళ్ళకి ఒక మాట. డాలస్ లో శత్రువు వడగళ్ళు, వాళ్ళకి దళసరిగా మెత్త వేసిన కవర్ కావాలి. ఫీనిక్స్ లో ఎండ ఉంది గానీ చెమ్మ బాగా తక్కువ. బే ఏరియాలో కోతులు బానెట్ మీద కూర్చోవు. వాళ్ళ సలహా వాళ్ళ ఊరికి కరెక్టే. ప్రొడక్షన్ ఎన్విరాన్ మెంట్ చూడకుండా వేరేవాళ్ళ కాన్ఫిగరేషన్ కాపీ కొట్టి పెడితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా?

ఇంకో మోసం ఈ పొరల లెక్క. మూడు పొరలు, ఐదు పొరలు, ఏడు పొరలు... పాత కెమెరాల మెగాపిక్సెల్ పిచ్చి లాగా. ఎన్ని పొరలని కాదు, గాలి ఆడుతుందా లేదా అన్నది ప్రశ్న. దానికి ల్యాబ్ అక్కర్లేదు. గ్లాసులో వేడినీళ్ళు పోసి, మూతికి ఆ బట్ట బిగించి, పైన కొంచెం ఎత్తులో చల్లటి స్టీలు పళ్ళెం పట్టండి. పళ్ళేనికి చెమ్మ పడితే ఆ బట్ట ఆవిరిని వదులుతోంది. పళ్ళెం పొడిగా ఉంటే అది పట్టాయే, పేరు ఏదైనా సరే. వచ్చిన రోజే ఈ పరీక్ష చేసి, పాసవకపోతే వాపసు పంపించేయండి.

మరి ఏం కొనాలి? నా లెక్క ఇదీ.

ముందు కవర్ కాదు, కప్పు. నాలుగు స్తంభాలు, పైన రేకులు, పక్కలు తెరిచి ఉన్న షెడ్డు. ఎండ, రెట్టలు, జిగురు, కోతుల గెంతులు అన్నీ రేకు మీదే ఆగుతాయి, గాలి మాత్రం ఆడుతుంది. దాని కింద లోపలివైపు మెత్తగా ఉన్న, గాలాడే పల్చటి కవర్ చాలు.

షెడ్డు కుదరకపోతే, ఎండకి తట్టుకునే గాలాడే నాన్ వోవెన్ రకం తీసుకోండి. గట్టి వానకి లోపల కొంచెం తడుస్తుంది, తడవనివ్వండి, ఆరుతుంది కూడా. కొలత మాత్రం మీ మోడల్ దే అయ్యుండాలి. వెనక స్పాయిలర్ ఉన్న కారుకి సెడాన్ కవర్ వేస్తే పక్కల వదులై గాలికి కొట్టుకుంటుంది. అడుగున బిగించే పట్టీలుండాలి. సైలెన్సర్ చల్లారకుండా కప్పకండి, బట్ట కరిగి అంటుకుంటుంది. కడగని కారు మీద అసలే కప్పకండి. కడిగే తీరిక లేకపోతే కవర్ లేకుండా వదిలెయ్యడమే నయం.

డబ్బులు మిగిలితే కవర్లో పొరలు పెంచకుండా, పెయింట్ మీద పీపీఎఫ్ వేయించండి. గీతని ఆ ఫిల్మ్ కాస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎవ్వరూ అడగని ప్రశ్న: ఆ కవర్ ని తీసేదీ, వేసేదీ ఎవరు? మనం కాదు. మనం ఏ న్యూజెర్సీలోనో ఉండి వీడియో కాల్లో "నాన్నా, కాస్త ఎండ తగలనివ్వు" అంటాం. తడిసి బరువెక్కిన ఆ ప్లాస్టిక్ మూటని అరవై దాటిన మనిషి ఒక్కడే ఒక పక్క నుంచి లాగుతాడు. కారు మీద గీతలు, ఆయనకి నడుం నొప్పి. పైగా గీత పడితే "మీకు చూసుకోవడం రాలేదు" అని ఆయన్నే అంటాం! ఒక్క మనిషి తేలిగ్గా మడవగలిగిందే కొనండి. రెండు పక్కలా బానెట్ మీదికి, టాప్ మీదికి మడిచి, ముందునుంచి వెనక్కి చాపలా చుట్టమని చెప్పండి. అలా చుడితే బయటి దుమ్ము లోపలివైపుకి అంటదు. అదీ ఆయనకి భారమనిపిస్తే కారు ఊళ్ళో ఉంచకండి, అంతే.

"వరదలొస్తాయి కదా, అందుకే వాటర్ ప్రూఫ్" అనేవాళ్ళూ ఉన్నారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మం కాలనీలని ముంచింది. ఆ నీళ్ళు కింద నుంచి వస్తాయి స్వామీ, కవర్ పైన ఉంటుంది. అప్పుడు పనికొచ్చే కవర్ ఇన్సూరెన్స్ ది. మునిగిన కారుని స్టార్ట్ చేసి ఇంజన్ పోగొట్టుకుంటే మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో సాధారణంగా ఆ డబ్బులు రావు. ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి.

కవర్లే వద్దని నేననడం లేదు. కోతి అద్దంలో తన మొహం చూసుకుని దాంతోనే యుద్ధానికి దిగే ఊళ్ళో కవర్ కావాలి. కానీ ఏం పడుతుందో, ఎక్కడ నిలబడుతుందో, ఎవరు మడుస్తారో చూసి కొనాలి. అట్టపెట్టె మీద రాసిన మాట చూసి కాదు.

ఇప్పటికే కొన్న ప్లాస్టిక్ కవర్ ని ఏం చెయ్యమంటారా? ఊళ్ళో మిర్చి వేసిన చుట్టాలకి ఇచ్చెయ్యండి. సాయంత్రం కప్పి పొద్దున్నే తీసెయ్యాలని వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.