నవ్వించడం వేరు... నవ్వులపాలు చేయడం వేరు

హాస్టల్ వార్షికోత్సవం అనగానే తమ్ముళ్లు మొదట అడిగేది "అన్నా, స్కిట్ ఎప్పుడు?" అని. పాటలూ, డ్యాన్సులూ ఆ తర్వాతే. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో 'జబర్దస్త్' మొదలైంది. నేను ఆరో తరగతిలో హాస్టల్లో చేరిందీ ఆ ఏడాదే. గురువారం రాత్రి తొమ్మిదిన్నర అయిందంటే టీవీ గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

మా అందరి అభిమాని సుడిగాలి సుధీర్ కాదు, మేమే ఆయన అభిమానులం! ఎందుకంటే ఆయన మన విజయవాడ కుర్రాడు. వెనుక సినిమా కుటుంబం లేదు. మ్యాజిక్ షోలు చేశారు. రామోజీ ఫిల్మ్ సిటీలో సందర్శకుల ముందు ప్రదర్శనలిచ్చారు. తర్వాత వేణు టీమ్‌లో సభ్యుడిగా జబర్దస్త్‌కు వచ్చి, తానే టీమ్ లీడర్ అయ్యారు. ఆపైన యాంకర్. 2019లో 'సాఫ్ట్‌వేర్ సుధీర్', 2022లో 'గాలోడు' సినిమాల్లో హీరో.

ఇదంతా అదృష్టం అంటారు కొందరు. నేను ఒప్పుకోను. మ్యాజిక్ ఒక్క రోజులో వచ్చే విద్య కాదు. పైగా ఆయన ఒంటరిగా ఎదగలేదు. గెటప్ శ్రీను వేషాలు, ఆటో రాంప్రసాద్ పంచ్‌లు, సుధీర్ హుషారు కలిస్తేనే ఆ నవ్వు. ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ టీమ్ స్కిట్లలో ఎక్కువ పంచ్‌లు పడింది టీమ్ లీడర్ సుధీర్ మీదే. లీడర్ అయ్యుండి అందరిచేతా మాటలు పడి నవ్వించాడు.

మరి మనం టీవీ కామెడీ నుంచి నేర్చుకున్నదేమిటి? రంగు మీద, లావు మీద, నత్తి మీద, ఆడవేషం మీద వేసే జోకులు. అవి టీవీలోనూ తక్కువేం కాదు.

మా బ్యాచ్‌లో ఒకడు బాగా నల్లగా ఉండేవాడు. టీవీలో విన్న ఒక మాట పట్టుకుని వాడికో పేరు పెట్టాం. పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. వాడు నవ్వేవాడు. నవ్వుతున్నాడు కదా, బాధేముంది అనుకున్నాం. కంచం పట్టుకుని లైన్లో నిలబడ్డా అదే పేరు, కబడ్డీలో కూతకెళ్లినా అదే పేరు. పదో తరగతయ్యాక వాడు ఆటోనగర్‌లో పనికి చేరాడు. ఈమధ్య బస్టాండులో కనిపించి నన్ను పేరు పెట్టి పలకరించాడు. నాకు వాడి అసలు పేరు గుర్తు రాలేదు. ఆ పాడు పేరే నోటిదాకా వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఆ రోజు నా చదువు మీద నాకే సిగ్గేసింది.

మన తాతల్ని ఊరి పెద్దలు సొంత పేరుతో పిలవలేదు. 'ఒరేయ్' అనే పిలిచారు. పేరు విలువ మనకు మరొకరు చెప్పాలా?

హాస్యం మన ప్రాంతానికి కొత్త కాదు. కృష్ణకు ఆవలి ఒడ్డున గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు ప్రాణం పోశారు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు రాజకీయం చెబితే, మరొకరు హాస్యం చెబుతారు. ప్రజానాట్యమండలి రోజుల్లో ఆ హాస్యం జమీందారీ మీదా, నల్లబజారు మీదా పేలింది. పెద్దవాడి మీద మాట విసరాలంటే ధైర్యం కావాలి. చిన్నవాడి మీద విసరడానికి ఏం కావాలి?

కాబట్టి ఈసారి స్కిట్ రాసే తమ్ముళ్లకు నా మనవి. గోడమీద మెనూకీ, కంచంలో సాంబారుకీ ఉన్న దూరం మీద రాయండి. వార్డెన్ సారు కూడా నవ్వుతారు. కానీ వడ్డించే వంటమ్మ మీద రాయకండి, ఆమె ఇచ్చిన సరుకుతోనే వండుతుంది. పరీక్షల ముందు రాత్రి మన తిప్పల మీద రాయండి. సుధీర్‌లాగా మొదటి పంచ్ మీ మీదే వేసుకోండి.

స్కిట్ అయిపోయాక ప్రతి తమ్ముడూ తన సొంత పేరుతోనే గదికి వెళ్లాలి.