మన పెళ్లి ఫొటోలు మనమే తీద్దాం



వచ్చే వారం మా రూమ్మేట్ వాళ్ల అక్క పెళ్లి. ఫొటోలు తీయమని మా హాస్టల్ పిల్లలకే చెప్పారు. పెళ్లి తీయడం మాకు ఇదే మొదలు. భయంగానే ఉంది. తలమీద నీళ్లు పోసేటప్పుడు ఫొటో పోతే మళ్లీ పోయమనలేం కదా.

ఇన్నాళ్లూ మన కోయ పెళ్లిళ్లకు టౌను నుంచి ఫొటోగ్రాఫర్ వస్తున్నాడు. ఆల్బమ్ చూస్తే పెళ్లికూతురి ముఖం పిండి రాసినట్టు తెల్లగా ఉంటది. స్టేజీ ఎక్కినోళ్లందరూ ఉంటారు. కొమ్ములు కట్టి డోలు కొట్టిన తాతలు, రేల ఆడిన అమ్మమ్మలు ఒక్క పేజీలో కూడా ఉండరు. వాళ్లు పోయాక ఎక్కడ వెతుకుతాం?

తీసేది మనోళ్లయితే ఏది ముఖ్యమో చెప్పక్కర్లేదు. కానీ మనోళ్లం అన్నంత మాత్రాన ఫొటో రాదు, నేర్చుకోవాలి. అద్దె కెమెరాతో మిట్టమధ్యాహ్నం హాస్టల్ గ్రౌండ్‌లో ఒకరినొకరం తీసుకున్నాం. వెనక ఆకాశం తెల్లగా ఉంటే ఆటో మోడ్‌లో ముఖాలు మాడిపోయినట్టు వచ్చాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచితే మన రంగు మన రంగులాగే వచ్చింది. రాత్రి ఆటకు షటర్ 1/30 పెడితే చేతులు చెదిరాయి. 1/250 పెట్టి ఐఎస్ఓ పెంచాం. కొంచెం గరుకుగా వచ్చినా మనిషి కనిపిస్తున్నాడు. కరెంటును నమ్మలేం కాబట్టి బ్యాటరీలు రెండు, కార్డులు రెండు.

ఇంకో పని మిగిలింది. ముందురోజే వెళ్లి వడ్డె తాతను అడగాలి, ఎక్కడ కెమెరా దించాలో. ఆయన వద్దన్నచోట దించేస్తాం. అది కూడా మనోళ్లు తీస్తేనే జరుగుద్ది.

టౌనోళ్లంత నున్నగా రాకపోవచ్చు. కానీ అమ్మమ్మ ఉంటది. ఇదివరకు తీసిన అన్నలు, అక్కలు, మేం ఏం మర్చిపోయామో చెప్పండి.