కెమెరా కన్ను, పౌరుని గొంతు

కంచే చేను మేస్తే రైతు ఎవరితో చెప్పుకోవాలి? ప్రజల ధనమానప్రాణాలను కాపాడవలసిన పోలీసులపైనే ఫిర్యాదు వచ్చినప్పుడు ఈ ప్రశ్న తలెత్తుతుంది. పోలీసు స్టేషన్లలోను, పోలీసుల దుస్తులపైన కెమెరాలు ఉంటే ఈ చిక్కు తీరిపోతుందని నేడు చాలామంది నమ్ముతున్నారు. ఈ నమ్మకంలో కొంత నిజం ఉంది. పూర్తి నిజం లేదు. చంద్రపూర్ జిల్లా చరిత్రలోని ఒక సంఘటన ఈ సంగతిని స్పష్టం చేస్తుంది.

అది 1972 మార్చి 26వ తేదీ రాత్రి. దేశాయిగంజ్ నాడు చంద్రపూర్ జిల్లాలో ఉండేది. నేడు గడ్చిరోలి జిల్లాలో ఉంది. ఒక ఫిర్యాదు విచారణ కోసం అక్కడి పోలీసు స్టేషనుకు ఒక ఆదివాసి బాలికను పిలిపించారు. విచారణ ముగిశాక తక్కినవారిని పంపివేసి, ఆమెను మాత్రం లోపలే ఉంచారు. బయట వేచి ఉన్న బంధువులు చూసేసరికి లోపల దీపాలు ఆరిపోయి ఉన్నాయి. తలుపు మూసి ఉంది. పోలీసులు తనపై అత్యాచారం జరిపారని ఆ బాలిక బయటకు వచ్చి చెప్పింది. సెషన్స్ కోర్టు నిందితులను విడిచిపెట్టింది. బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం వారికి శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. బాలిక ఒంటిపై గాయాలు లేవు కనుక ఆమె ఎదిరించలేదని భావించింది.

ఆ రాత్రి అక్కడ కెమెరా ఉంటే దీపాలు ఆర్పడానికి వెనుకాడేవారేమో. కాని, భయం వల్ల కలిగిన మౌనాన్ని అంగీకారంగా పొరబడే చూపును కెమెరా మార్చలేదు. దానిని మార్చినది మనుషుల గొంతు. 1979లో ఉపేంద్ర బక్షి, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, లోతికా సర్కార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతటా మహిళలు ఉద్యమించారు. ఫలితంగా 1983లో చట్టం మారింది. పోలీసుల అధీనంలో ఉన్న స్త్రీ తాను అంగీకరించలేదని చెబితే, కోర్టు ముందుగా ఆమె మాటనే నమ్మాలని నియమం ఏర్పడింది.

కెమెరాల అనుభవం కూడా ఇదే నేర్పుతున్నది. అమెరికాలోని రియాల్టో పట్టణంలో 2012లో పోలీసులు దుస్తులకు కెమెరాలు తగిలించుకోగా, ఏడాదిలో వారిపై ఫిర్యాదులు బాగా తగ్గాయి. అదే దేశ రాజధాని వాషింగ్టన్‌లో రెండు వేల మందికి పైగా పోలీసులపై జరిపి 2017లో ప్రకటించిన అధ్యయనంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కెమెరా నిజాయితీగల పోలీసును అబద్ధపు ఆరోపణ నుంచి కాపాడుతుంది. తప్పు చేసేవానిని హెచ్చరిస్తుంది. కాని దాని మీట పోలీసు చేతిలోనే ఉంటే, ఆర్పిన దీపానికి, ఆపిన కెమెరాకు తేడా ఏముంది?

అందుకే 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషనులో కెమెరాలు పెట్టాలని చెప్పి ఊరుకోలేదు. దృశ్యాలను కనీసం ఏడాదిపాటు భద్రపరచాలని, పర్యవేక్షణకు రాష్ట్ర, జిల్లా కమిటీలు ఉండాలని, ఫిర్యాదు చేసే హక్కును తెలిపే బోర్డును స్థానిక భాషలోను పెట్టాలని ఆదేశించింది. అయితే, ఎవరూ అడగని దృశ్యాలు గడువు తీరగానే చెరిగిపోతాయి.

కాబట్టి అడగడం పౌరుని బాధ్యత. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసులు రాసుకొని చదివి వినిపించాలి. నకలును ఉచితంగా ఇవ్వాలి. నమోదు చేయకపోతే జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు రాసి పంపవచ్చు. అక్కడా ఫలితం లేకుంటే మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. మరాఠీ చదవలేని తెలుగు కార్మికుడు అర్థం కాని కాగితంపై వేలిముద్ర వేయనవసరం లేదు. చదివి వినిపించమని, అర్థమయ్యేలా చెప్పమని అడగాలి.

కెమెరా చూస్తుంది, కాని మాట్లాడదు. దానిచేత మాట్లాడించవలసినది హక్కు తెలిసిన పౌరుడే.