కాలేజీలో సంఘాలు ఉండాలా?

మేము ఈ లింగంపేట హాస్టల్‌లో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు బయట డిగ్రీ చదువుతున్న వాళ్ళం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సార్ అడిగితే మాలో మేమే కొట్లాడుకున్నంత పని చేశాం. కాలేజీకి పోయే తమ్ముళ్ళకు పనికొచ్చేది రాద్దామని చివరకు దీన్ని ఎంచుకున్నాం.

కాలేజీలో చేరిన మొదటి వారం సీనియర్లు గదికి వచ్చారు. పేరడిగారు. ఇంటిపేరడిగారు. ఊరడిగారు. తర్వాత ఊళ్ళో ఇల్లు ఎటు దిక్కున అని అడిగారు. అడిగింది దిక్కు కాదని మాకు తెలుసు. ఆ తర్వాతే ఎవరి సంఘం వాళ్ళు, ఎవరి పార్టీ వాళ్ళు మమ్మల్ని పంచుకున్నారు. ఫ్రెషర్స్ డే కూడా వేరువేరుగా జరిగింది.

నిజం చెప్పాలంటే ఆ సంఘం అన్నలు మాకు మేలు చేశారు. ఈ-పాస్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపారు. బస్‌పాస్ ఇప్పించారు. ఆఫీసులో మాట వినని క్లర్కు ముందు మా తరఫున నిలబడ్డారు. ఇంట్లో మొదటిసారి కాలేజీ ముఖం చూసిన మాలాంటి వాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. కానీ దాని ఖరీదు తర్వాత తెలిసింది. పిలిస్తే క్లాసు వదిలి రావాలి. ఒకసారి ఫ్లెక్సీ ఎక్కడ కట్టాలనే దగ్గర రెండు సంఘాలకు గొడవై, మాలో ఒకడికి నుదుటి మీద ఆరు కుట్లు పడ్డాయి. వాళ్ళమ్మ చాటలో ఆకు, తంబాకు అట్లనే వదిలేసి బస్సెక్కి వచ్చింది. బీడీలు చేసే ఇంట్లో ఒకరోజు కూలి పోవడమంటే ఏమిటో ఈ మండలంలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

అమెరికా కాలేజీల్లో ఇటువంటి వాటిని ఫ్రెటర్నిటీలు అంటారు. గ్రీకు అక్షరాలు పేరుగా పెట్టుకున్న మొదటి సంఘం 1776లో పుట్టింది, రహస్య కరచాలనంతో సహా. తెల్లవాళ్ళ సంఘాలు రానివ్వకపోతే, 1906లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు 'ఆల్ఫా ఫై ఆల్ఫా' పెట్టుకున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ తర్వాత అందులో సభ్యుడయ్యాడు. అదే 1906లో మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి స్థాపించాడు, తర్వాత దళిత పిల్లలకు బడులు తెరిచాడు. 1918లో రాజా బహద్దూర్ వెంకట రామారెడ్డి చొరవతో రెడ్డి హాస్టల్ వచ్చింది. పల్లె నుంచి పట్నం వచ్చిన పిల్లవాడికి ఉండే చోటు లేకపోవడమే దానికి కారణం. తర్వాత ఇతర కులాలూ అదే దారి పట్టాయి.

ఇక్కడ మమ్మల్ని ఎవరైనా నిలదీయవచ్చు. "కులం పేరుతో సంఘం వద్దంటున్నారు, మరి మీ హాస్టల్ ఏమిటి?" అని. ఈ ప్రశ్నకు మేము చాలా రోజులు తడుముకున్నాం. మా జవాబు ఇది. కిరాయికి గది అడిగితే కులం అడిగే ఊళ్ళో, ప్రభుత్వం కట్టిన ఇల్లు ఇది. ఇక్కడ ఇతర వర్గాల పిల్లలకూ కొన్ని సీట్లున్నాయి. ఎవరినీ కొట్టి రమ్మని వార్డెన్ సార్ ఎన్నడూ పంపలేదు (పప్పు నీళ్ళగా ఉందని మేమే ఆయన మీదికి పోయాం, అది వేరే కథ). తలుపు మూసేవాడి గుంపు, తలుపు దొరకనివాడి గుంపు ఒకటి కావు. అయితే రెండోది కూడా బలపడ్డాక మొదటి దానిలా మారవచ్చు. ఆ భయం మాకుంది.

అందుకని సంఘాలన్నీ రద్దు చేయాలంటామా? అనము. 1980ల చివరలో మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి ఎన్నికలు ఆగిపోయాయి. హింస తగ్గుతుందన్నారు. 1972లో ఉస్మానియాలో జార్జిరెడ్డి హత్య అందరికీ గుర్తున్నదే. కానీ ఎన్నికలు పోయాయి తప్ప గుంపులు పోలేదు. ఓటు అడగనక్కరలేని నాయకుడు ఎవరికి జవాబు చెప్తాడు? 2006లో లింగ్డో కమిటీ ఎన్నికలు పెట్టమనే చెప్పింది. అభ్యర్థి ఖర్చు 5000 రూపాయలు దాటరాదంది, అచ్చు పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే ఉండాలంది. ఆ ఒక్క మాట అమలై ఉంటే మా వాడి నుదుటికి కుట్లు పడేవి కావు.

పుట్టుక చూసి చేర్చుకునే సంఘం, లెక్క చూపని సంఘం కాలేజీలో వద్దు. చందా ఎంత, ఖర్చు ఎంత అని నోటీసు బోర్డు మీద పెట్టే సంఘం, అందరూ ఓటేసి ఎన్నుకునే సంఘం కావాలి. ర్యాగింగ్‌కు 1997 నుంచే మనకు చట్టం ఉంది. సీనియర్ 'పరిచయం' అన్నా సరే, అది వర్తిస్తుంది.

మాలో ఇద్దరు దీనికి ఒప్పుకోలేదు. "బలమున్నవాడికి లెక్కలు, ఓట్లు, మనకు మన గుంపే దిక్కు" అన్నారు. నాగన్న బావి మెట్ల మీద చీకటి పడేదాకా వాదించుకున్నాం, తెగలేదు. ఒక్క దాంట్లో మాత్రం అందరం కలిశాం. దరఖాస్తు నింపే పని సంఘాల చేతిలో ఉన్నంతకాలం కొత్తవాడు వాళ్ళకు బాకీ పడుతూనే ఉంటాడు. కాబట్టి వచ్చే జూన్‌లో ప్రతి ఆదివారం ఈ హాస్టల్ వరండాలో మేము కూర్చుంటాం. ఈ హాస్టల్ వాడే కానక్కరలేదు, మండలంలో ఏ పిల్లవాడైనా, ఏ ఆడపిల్లైనా రావచ్చు. పదో తరగతి మెమో, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చుకోవాలి. ఇంటిపేరు దరఖాస్తులో రాయడానికి మాత్రమే అడుగుతాం.